వీరాసామిది ఏ ఊరు?

హానోవర్‌లో ఉన్న తెలుగువాళ్ళందరిలోకీ ఓవర్ ఎవరంటే చలపతిగారే. పన్ను పీకడం ఆయన వృత్తి, 'పన్'లు విసరడం ప్రవృత్తి. మొదటిదానికి మత్తుమందిస్తారు గానీ రెండోదానికి అదీ ఇవ్వరని గిట్టనివాళ్ళ బాధ. కొత్త తెలుగు మొహం కనబడితే చాలు, ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు అంటూ మూడు ప్రశ్నల్లో చుట్టరికం తేల్చేస్తారు. తేలకపోయినా తేలిందనేస్తారు. అదో మర్యాద.

ఉగాది భోజనాలకి మెర్లిన్ వీరాసామి వచ్చినప్పుడూ అదే జరిగింది. ఆమె ఇక్కడో వృద్ధాశ్రమంలో నర్సు. పుట్టింది కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ దీవిలో. మామిడి టెంకలాంటి దేశం. ఉత్తరాన అగ్నిపర్వతం, అంచున నల్లటి ఇసక, వాలున అరటి, పాలగుండ దుంప తోటలు. పేరుకే దీవి, దీవెనలు తక్కువ. బానిసలకి విడుదల దొరికాక, చెరుకు నరకడానికి తెల్లదొరలు మద్రాసు రేవునుంచి కూలీల్ని ఓడల్లో దింపారు. వాళ్ళలో ఒకడు మెర్లిన్ తాతకి తాత.

"చెరుకా? అయితే మీరు మా తణుకువాళ్ళే! తీపి లేనిచోట మావాళ్ళు నిలబడరు" అని పులిహోర నములుతూ ఇంగ్లీషులో ప్రకటించారు చలపతి. అందరూ నవ్వారు. మెర్లిన్ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

మరుసటి ఆదివారం మెర్లిన్ చలపతిగారింటికొచ్చి, ఫోను బల్లమీద నిలబెట్టింది. తెరమీద, మంచంలో, దిండుకంటే పల్చగా ఆమె తండ్రి.

"ఇక లాభంలేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు అంకుల్. పోయేలోపు మా ఊరి సంగతి వినాలంటున్నారు. చెప్పండి."

అలివేలుమంగ మొగుణ్ణి పక్కకి లాగింది. "ఏవండీ, నిజంగా మనవాళ్ళేనా?"

"మాటవరసకి అన్నానే!"

"ఆ వరసే ఇప్పుడు మంచంమీంచి అడుగుతోంది. వెళ్ళి చెప్పండి."

చలపతి కుర్చీ లాక్కున్నారు. పెద్దాయన గొంతు సన్నగా వచ్చింది. "తణుకులో మా ఇల్లుందా? ఎవరుంటున్నారు?"

"పెద్దయ్యా, మీ ఇంటిపేరేమిటి?"

"వీరాసామి."

"అది మనిషి పేరు. దానికి ముందుండేది?"

"ముందేమీ లేదు. ఓడలోంచి దింపినవాళ్ళు అంతే ఉంచారు."

"కులదేవత?"

"చర్చి."

"పోనీ, ఇంట్లో ఎవరైనా అనే ఒక్క మాట?"

"నాయనమ్మ పాలగుండ జావ తాగిస్తూ ఏదో అనేది. మొన్న కొండ పేలినప్పుడు ఇంటిమీద బూడిద ఎత్తిపోస్తూ గుర్తుచేసుకుందామని చూశాను. రాలేదు." కాసేపు ఆయాసపడ్డాడు. "మాకు బూడిదకి కరువు లేదులే. నాది మాత్రం తణుకు పట్టుకెళ్ళమని మెర్లిన్‌కి చెప్పాను."

చలపతి నాలుకమీదికి కాలువలు, కొబ్బరితోటలు, ఏదో ఒక పెంకుటిల్లు వచ్చేశాయి. తలెత్తితే, మెర్లిన్ ఆ మాటలకోసం ముందుకి వంగి ఉంది. అవన్నీ మింగేశారు.

"పెద్దయ్యా, మీది తణుకు కాదు. అంటే, అవునో కాదో నాకు తెలీదు. మావాళ్ళేనని నేను అందరితోనూ అంటాను."

"అందరితోనా?"

"అందరితోనే."

"మరి ఆ ఓడెక్కినవాడు ఎక్కడివాడు?"

"మద్రాసు రేవులో ఎక్కాడు."

"రేవు ఊరు కాదుగా బాబూ."

"కాదు పెద్దయ్యా" అన్నారు చలపతి. పక్కన అలివేలుమంగ చేతిలో కాఫీ చల్లారిపోతోంది.

"వారం నుంచీ చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ తణుకు అని చెప్పాను. మా పాస్టరుకి పలకడం కూడా నేర్పాను" అన్నాడు పెద్దాయన. తర్వాత తెరకవతల ఉన్న ఎవరితోనో, "ఆ తలుపు వేసెయ్. ఎవరొచ్చినా నేను నిద్రపోతున్నానని చెప్పు" అన్నాడు.

తలుపు పడిన చప్పుడు సముద్రం దాటి హానోవర్‌లో వినిపించింది. మెర్లిన్ ఫోను తీసుకుని కోటు తొడుక్కుంది.