సందు వదలని మా ఆయన

ఉద్యోగం దొరికేదాకా అని మా తమ్ముడు మా హాల్లో తిష్ట వేశాడు. ఉద్యోగం దొరికింది, జీతం కూడా పెరిగింది, సోఫా మాత్రం వదల్లేదు. నేను సిటీ బస్సు నడుపుతాను. రోజంతా జనాన్ని మోసి ఇంటికొస్తే నా ఇంట్లో నాకే కాళ్లు చాపుకునే చోటు లేదు. వాడు నిమ్మకు నీరెత్తినట్టు సోఫా నిండా పడుకుని అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడుకుంటూ ఉంటాడు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరిగెత్తే ఆట అది. బంతిని విసరొచ్చు కూడా, కానీ మావాడికి పరుగొక్కటే తెలుసు.

వెళ్లిపొమ్మని చెప్పడానికి మా ఆయనకు మొహమాటం. ఆయన పెద్ద హోటల్లో డోర్‌మన్. తలుపు తీసి పక్కకు తప్పుకోవడమే ఆయన పని. ఆ పని ఒంటికి ఎంత పట్టేసిందంటే, ఇంట్లో పిల్లి ఎదురొచ్చినా గోడకు అతుక్కుని దారిస్తారు.

చివరికి నేనే పందెం వేశాను. "ఒరేయ్, ఈ ఆటలో నీకు నాలుగు పరుగులు. గీత దాటకుండా మీ బావ ఆపితే ఈ పూటే ఖాళీ చెయ్యాలి. ఆపలేకపోతే ఇంకో ఏడాది ఉండు, నోరెత్తను."

వాడు పడీ పడీ నవ్వాడు. "బావ? నన్ను? సరే అక్కా!"

మా ఆయన్ను లైన్‌బ్యాకర్‌గా కూర్చోబెట్టాను. ముందు వరుసలోని భారీ శాల్తీల వెనక నిలబడి, వాళ్ల మధ్య సందులోంచి బంతితో దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టడం అతని పని. తమ్ముడి బొమ్మ దూసుకొచ్చింది. మా ఆయన బొమ్మ మర్యాదగా పక్కకు జరిగింది, గీత దాకా పోకుండా వెనకున్న బొమ్మలే ఎలాగో పడగొట్టాయి. మరోసారీ అంతే. ఆ తర్వాతిసారి ఆయన "దయచేయండి" అని పైకే అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమండీ, అతిథి కాదు, మా తమ్ముడు! బంతిని చూడకండి. వాడికి దారి చేస్తూ ముందు పోయే లావుపాటి వాళ్ల కాళ్లు చూడండి. ఎదురొచ్చే బండి ఎటు తిరుగుతుందో నాకు డ్రైవర్ మొహం చెప్పదు, ముందు చక్రాలు చెబుతాయి. ఆ కాళ్లు తిరిగిన సందులో నిలబడండి. తొందరపడి ఉరకొద్దు."

తమ్ముడు గీతకు అడుగు దూరంలోకి వచ్చేశాడు. ఇదే నాలుగోది, ఆఖరి పరుగు. దాటితే నా హాలు ఇంకో ఏడాది పోయినట్టే. వాడి బొమ్మ ఎడమకు ఊగింది. మా ఆయన కదల్లేదు. లావుపాటి వాళ్ల కాళ్లు కుడికి తిరిగాయి. ఆయన కుడి సందులోకి జరిగి నిలబడ్డారు. తమ్ముడి బొమ్మ ఆయన గుండెకు కొట్టుకుని వెల్లకిలా పడింది.

నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను, తమ్ముడు పాపం మాట మీద నిలబడి బట్టలు సర్దుకున్నాడు. పెట్టె చంకలో పెట్టుకుని బయల్దేరాడు. గుమ్మంలో మా ఆయన, మోకాళ్లు వంచి, చేతులు చాచి.

"బావా, జరుగు."

"జరగను."

వాడు ఎడమకు వెళ్లినట్టు వెళ్లి కుడికొచ్చాడు. ఆయన కుడివైపే ఉన్నారు.

"ఏమండీ, మనం గెలిచాం. వాడు వెళ్లాలి," అన్నాను.

"తెలుసు. దారివ్వాలంటే ఒళ్లు కదలట్లేదు," అన్నారు ఆయన. మొహం వెలిగిపోతోంది. "నా బతుకులో ఒకణ్ణి ఆపడం ఇదే మొదలు. ఎంత బాగుందో నీకు తెలీదు!"

"నా వెనకే రారా," అని తమ్ముడితో చెప్పి నేనే ముందు నడిచాను. వంటగది వైపు మొహం తిప్పి, గుమ్మం మీదికి దూకాను. ఆయన నా మొహం చూడనేలేదు, నా పాదాలే చూస్తున్నారు. నేనూ, తమ్ముడూ, పెట్టే కలిసి నేలమీద కుప్పకూలాం.

పడ్డచోటు నుంచే తలెత్తి చూశాను. ఆయన గుమ్మం నిండా ఉన్నారు. ఈ మనిషి ఒక్కసారి గట్టిగా నిలబడితే చాలని పెళ్లైనప్పటి నుంచీ మొత్తుకున్నాను. నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోతోంది, అయినా గర్వంగానూ ఉంది.

తమ్ముడు నా చెవిలో గొణిగాడు. "బావ నిద్రపోయాక వెళ్లిపోతాలే అక్కా."

"వద్దురా," అన్నాను. "ఇవాళ ఆయన్ను ఓడించకు. వెళ్లి సోఫా మీద పడుకో."