పందిరి గుంజలు

పిచ్చమ్మ తన ఇంటి ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుండగా, కోల్డ్ స్టోరేజీకి వచ్చిన లారీ వెనక్కి తిరుగుతూ ఆమెను తొక్కేసింది. మా హమాలీ ముఠా అంతా ఎదురుగా బస్తాలు దించుతోంది. అందరం చూశాం. ఒక్కరి నోటా కేక రాలేదు. మూపు మీది బస్తా కింద పెట్టాలని కూడా తోచక అలాగే నిలబడిపోయాం.

ఎస్సై వచ్చాడు. ముసలమ్మ రోడ్డు మీద కూర్చుందని రాసుకున్నాడు. అది రోడ్డు కాదు, మా వాకిలి అని పిచ్చమ్మ కోడలు కోటేశ్వరి చెప్పింది.

"వాకిలైతే దడేదమ్మా? డ్రైవరుకేం తెలుస్తుంది?" అన్నాడు.

దడి ఉండేది. ప్రత్తిపాడు రోడ్డు పక్కన ఉన్న మా కాలనీకి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఉండేది. పత్తి తీతలు అయ్యాక మోళ్ళు పీకి చేను శుభ్రం చేస్తే ఆ కట్టె కూలీలదే. మా వైపు ఎప్పటినుంచో అదే పద్ధతి. ఏటా ఆ కట్టెతో కొత్త దడి కట్టుకుంటాం, పాతది పొయ్యిలోకి పోతుంది. ఎదురుగా కోల్డ్ స్టోరేజీ కట్టాక, లారీలు తిరగడానికి మా దడి అడ్డమైంది. యజమాని ఫిర్యాదు పెట్టాడు. పంచాయతీ సెక్రటరీ మమ్మల్ని పిలిచి మర్యాదగానే మాట్లాడాడు. దడికి పర్మిషన్ కావాలట. పర్మిషన్ రావాలంటే సర్వేయరు కొలవాలట. కొలవాలంటే స్థలం ఖాళీగా ఉండాలట. ఉన్నది తీసేసి అర్జీ పెట్టుకుంటే పక్కా కంచె వేసుకోవచ్చు, ఇక మిమ్మల్ని అడిగేవాడుండడు అన్నాడు.

నమ్మాం. ఆయన మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పాడు మరి. దడి మా చేతులతో మేమే పీకాం. ఆ కట్టెతో ఆడవాళ్ళు వండిన అన్నం తిన్నాం. సర్వేయరు రాలేదు, లారీలు వచ్చాయి. కోటేశ్వరి ఎప్పుడు వెళ్ళి అడిగినా అబ్జెక్షన్ ఉందమ్మా, ఫైలు పైకి పంపాం అనేవాడు సెక్రటరీ. అబ్జెక్షన్ ఎవరిదో ఊరంతటికీ తెలుసు.

పిచ్చమ్మను మట్టిచేసి వచ్చి ఆ వాకిట్లోనే కూర్చున్నాం. ఎవరికీ ఏడుపు రావడం లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. సీజన్ మధ్యలో గొడవ పడితే యజమాని రేపు వేరే ఊరి ముఠాని దించుతాడు, పిల్లలకేం పెడతాం అన్నాడు ముఠా మేస్త్రీ కోటేష్. ఆయన మాట అబద్ధం కాదు. యూనియన్‌లో తిరిగే ఏసుబాబు కలెక్టరుకి అర్జీ పెడదామన్నాడు.

కోటేశ్వరి తల ఎత్తలేదు. "అర్జీ పెట్టేగా మా అత్తను పోగొట్టుకుంది. ఇంక నేను పెట్టను."

చివరికి బుడాన్ నోరు తెరిచాడు. బుడాన్ మా కాలనీవాడే, పెళ్ళిళ్ళకీ చావులకీ పందిళ్ళు వేస్తాడు.

"వదినా, పెద్దకర్మకి పందిరెయ్యాలిగా. ఎందాకా వెయ్యమంటావు?"

కోటేశ్వరి వాకిట్లో పడిన టైర్ల జాడలకేసి చూసింది. "పాత దడి ఉన్నకాడికి వెయ్యి బుడానూ. కాలనీ పొడుగూతా వెయ్యి."

చావు పందిరికి మా దగ్గర పర్మిషన్ అడిగినవాడు లేడు, అడ్డం చెప్పినవాడూ లేడు. బుడాన్ గుంజలు పాతాడు. పందిరికి ఇంత లోతెందుకని అడిగితే, రాళ్ళేసి దిమ్మిస కొట్టండి అన్నాడు. లారీలు ఆగాయి. కర్మ అయ్యేదాకానే కదా అని యజమాని ఊరుకున్నాడు. పైగా బియ్యం బస్తా పంపాడు. కోటేశ్వరి దాన్ని ఆటోలోంచి దించనివ్వలేదు.

కర్మ భోజనాలయ్యాక ఆడవాళ్ళు చేలకి వెళ్ళి పత్తికట్టె మోపులు నెత్తిన పెట్టుకొచ్చారు. పైన కప్పు విప్పేశాం, గుంజలు మాత్రం కదపలేదు. గుంజకీ గుంజకీ మధ్య దడి కట్టడం మొదలుపెట్టాం. పొద్దువాలుతుంటే కోటేష్ వచ్చాడు. ఏమంటాడోనని ఆగాం. ఆయన చంకలో బస్తాలు కుట్టే పురికొస ఉండ ఉంది. దాన్ని కింద పడేసి, "ఆ కట్టు వదులుగా ఉంది, విప్పు" అన్నాడు నాతో.

మర్నాడు పొద్దున్నే ఎస్సై, సెక్రటరీ వచ్చారు, వాళ్ళ వెనకే జేసీబీ వచ్చింది. పర్మిషన్ లేకుండా దడి ఎలా కట్టారని సెక్రటరీ అడిగాడు. కోటేశ్వరి దడికి వీపు ఆనించి నిలబడింది.

"తీసెయ్యమంటే తీశామండి. తీసినందుకు మనిషి పోయింది. ఇంక తియ్యం."

కోటేశ్వరినీ బుడాన్‌నీ వ్యానెక్కించారు. జేసీబీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గుంజలన్నీ లాగి పడేసింది. అడ్డం వెళ్ళిన ఏసుబాబు తల పగిలింది. నాకు కోపం వచ్చి ఉండాల్సింది. రాలేదు. భయం కూడా రాలేదు.

వ్యానూ, జేసీబీ వెళ్ళిపోయేసరికి మిరపకాయల లారీలు మెయిన్ రోడ్డు దాకా బారులు తీరాయి. యజమాని బయటికొచ్చి బస్తాలు దించమన్నాడు. కోటేష్ భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచి కూర్చున్నాడు. ముఠా అంతా ఆయన పక్కన కూర్చుంది. యజమాని వేరే ముఠాకి ఫోన్ చేశాడు. వాళ్ళు ట్రాక్టర్లో వచ్చారు. రోడ్డు మీదున్న కట్టెనీ, ఏసుబాబు తలకున్న గుడ్డనీ చూసి, ఏం జరిగిందని మమ్మల్ని అడిగారు. కోటేష్ చెప్పాడు. వాళ్ళ మేస్త్రీ మనుషుల్ని దిగమన్నాడు. దిగినవాళ్ళు లారీల దగ్గరికి పోలేదు, పడివున్న గుంజల దగ్గరికి నడిచారు.

మేమూ లేచాం. గుంతలు కొత్తగా తవ్వే పని లేకపోయింది. బుడాన్ లోతుగానే తవ్వాడు.