మంచుకు మచ్చు

మా ఆయన మచ్చు చూడకుండా దేన్నీ కొనరు. అది జబ్బని నేనంటాను, వ్యాపారమని ఆయనంటారు.

నరసరావుపేటలో మాది పప్పుల కొట్టు. కంది బస్తా దిగితే చాలు, మా ఆయన ఈశ్వరయ్యగారు మచ్చుకు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుంటారు, ఉఫ్ మని ఊదుతారు, ఒక గింజ పంటి కింద వేసుకుని కళ్లు మూసుకుంటారు. ఆ కళ్లు తెరుచుకునేదాకా బస్తా తెచ్చినవాడు ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. నచ్చితే "సరుకు మంచిదే" అంటారు. కొట్లో అంటే సరే, బయట కూడా ఇదే తంతు. ఒకసారి పరుపు కొందామని వెళ్తే, మచ్చుకని దాని మీద పడుకుని గురక పెట్టారు. షట్టర్ దించే వేళకు షాపువాళ్లు లేపి పంపించారు. పరుపు మాత్రం కొనలేదు.

ఇక నా సంగతి. నా పేరు రామతులసి. పుట్టింది రెంటచింతలలో. ఎండాకాలం వస్తే మా ఊరి పేరు టీవీలో చెబుతారు, మాకున్న పేరుప్రతిష్ఠలన్నీ అవే. అందుకేనేమో, చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే పిచ్చి. మంచుకొండల మీద ఎగరాలి. కిందంతా తెల్లగా ఉండాలి. నా నోట్లోంచి పొగ రావాలి. బంగారం మీద కూడా నాకింత ఆశ లేదు. ఈ ఏడు మోకాళ్లు పట్టేయడం మొదలైంది. ఇప్పుడు వెళ్లకపోతే ఇక ఎప్పటికీ వెళ్లలేనని భయం పట్టుకుంది. ఈ వేసవికి కొట్టు మూసి వెళ్లి తీరాలని పట్టుబట్టాను.

మా కొట్టు మేడ మీద సుమన్ అనే కుర్రాడు ట్రావెల్స్ నడుపుతాడు. నాకు చెల్లెలి వరస ఆమె కొడుకు. మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు.

"పెదనాన్నా, ఇందులో మూడు రకాలున్నయ్. ఒకటి విమానం. ఖాట్మండులో పొద్దున్నే ఎక్కించి, కొండల వెంబడి తిప్పి దించేస్తారు. అందరికీ కిటికీ సీటే. రెండోది బుల్లిది, పైన కప్పుండదు. ముందు పైలట్, వెనక మనం, అంతే. మూడోది హెలికాప్టర్. గ్లేసియర్ల మీదగా తీసకపోయి, మంచులో దించి కాసేపు ఉంచుతారు."

"కప్పు లేంది మనకొద్దు. దానికంటే మాచర్ల షేర్ ఆటో నయం. అదిసరే, గ్లేసియరంటే ఏందిరా?"

"గడ్డ కట్టిన నది పెదనాన్నా."

పప్పుల వ్యాపారి ముందు ఆ మాట అనకూడదు. మా ఆయన మొహం ముడుచుకుపోయింది. "గడ్డ కట్టిందా? అంటే చెమ్మ తగిలిన సరుకే గదా! దాన్ని చూడ్డానికి మళ్లీ మనమే డబ్బులియ్యాలా?"

"నాకు హెలికాప్టరే కావాలండీ," అన్నాను.

"కావాలంటే కొందాం. మచ్చేది?"

సుమన్ వీడియో పెట్టాడు. మా ఆయన చూడనైనా చూడలేదు. "ఇది బొమ్మరా. బొమ్మ చూసి బస్తా కొంటామా? మంచు తెప్పియ్. చేత్తో పట్టుకుని చూడాల."

"మంచుకు మచ్చేంది పెదనాన్నా!" అని సుమన్ నెత్తి పట్టుకున్నాడు. నేను మా ఆయన వెనక నిలబడి, కనపడకుండా రెండు చేతులూ జోడించాను. పాపం, నా మొహం చూసి కరిగిపోయాడు. "సరే, తెప్పిస్తాలే," అన్నాడు.

అన్నట్టే వారం తిరక్కుండా థర్మాకోల్ పెట్టె వచ్చింది. హిమాలయాల నుంచి మచ్చు వచ్చిందట అని బజారు బజారంతా మా కొట్టు ముందు చేరింది. ఐసు ఫ్యాక్టరీ నూర్ మొహమ్మద్ గారు శనగపప్పు కోసం వచ్చి, ఆయనా నిలబడిపోయారు. మా ఆయన పెట్టె తెరిచారు. ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని ఊదారు. పంటి కింద వేసి కళ్లు మూసుకున్నారు.

"చల్లగానే ఉంది," అన్నారు. బజారంతా తలూపింది.

అంతలో నాలుక మీద ఏదో తగిలినట్టుంది. వేలితో తీసి వెలుగులో పెట్టి చూశారు. "ఊక! హిమాలయాలోళ్లు కూడా కల్తీ చేస్తన్నారా? ఒరేయ్ సుమన్, దీనికి తరుగు తియ్యాల్సిందే. రేటు తగ్గించమను ఆ హెలికాప్టరోళ్లని."

నా ప్రాణం లేచొచ్చింది. మా ఆయన బేరం మొదలుపెట్టారంటే కొనేసినట్టే. కానీ నూర్ మొహమ్మద్ గారు ఊరుకోలేదు. వంగి ఒక ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"శెట్టిగారూ, ఇది నా ఐసు."

"మీకు హిమాలయాల్లో కూడా ఫ్యాక్టరీ ఉందా భాయ్?" అని మా ఆయన నిజంగానే అడిగారు.

"లేదండీ, ఉన్నది ఈ ఒక్కటే. దిమ్మలు కరక్కుండా ఊక చల్లేది నేనే. పొద్దున్నే సుమన్ వచ్చి పట్టకపోయాడు. కూల్‌డ్రింకులకేమో అనుకున్నా."

సుమన్ అప్పటికే మేడ మెట్ల మీద సగం దూరంలో ఉన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

మా ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పైగా తెగ సంబరపడిపోయారు. "చూశావటే! సరుకు మన ఊళ్లోనే ఉంటే ఖాట్మండు దాకా ఎందుకే?" అని, ఆదివారం నన్ను స్కూటర్ మీద ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. నూర్ మొహమ్మద్ గారు మర్యాదస్తులు, దిమ్మల ఎదురుగా నాకొక కుర్చీ వేయించి, మీద కప్పుకోమని శాలువా కూడా ఇచ్చారు. కాళ్లు ఊకలో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎంతసేపైనా చూడు, తొందరేం లేదు. ఎట్టుంది?" అన్నారు మా ఆయన.

శాలువా మడిచి ఇచ్చేసి, నడిచి ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం ఆయన కంచం ముందు కూర్చున్నారు. చిటికెడు అన్నం, గోరంత గోంగూర పచ్చడి, ఒక వంకాయ ముక్క, బొట్టు నెయ్యి వడ్డించాను.

"ఇదేందే?"

"మచ్చు. రుచి చూసి చెప్పండి. నచ్చితే రేపు వండుతాను."

"ఆకలేస్తంది తులసీ!"

"వేస్తదండీ, నాకు తెలుసు! బాపట్ల తీసకపోయారు, సముద్రంలో పాదాలు తడవంగానే కొట్టు తియ్యాలని లాక్కొచ్చారు. సాగర్ తీసకపోయారు, లాంచీని ఒడ్డు మీద నించి చూపించి ఇదేనే అన్నారు. సినిమాకు పోతే ఇంటర్వెల్‌కే లేపుకొచ్చారు. పెళ్లయినకాడి నించీ అన్నీ మచ్చులే చూపించారు. చానా బాగున్నయ్, నేను కాదన్లేదు. సరుకెప్పుడు దింపుతారండీ?"

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, తలుపు తీసుకుని వెళ్లారు. ఆయన కోసం వండిన అన్నమంతా చల్లారిపోయింది. సాయంత్రం సుమన్ ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, పెదనాన్న వచ్చిండు. బేరం కూడా ఆడకుండా మూడో రకం బుక్ చేసిండు. ఒంట్లో బాగానే ఉందా ఆయనకి?"

అలా ఖాట్మండు చేరి హెలికాప్టర్ ఎక్కాం. అది పైకి లేచిందో లేదో, మా ఆయన తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు. కోటప్పకొండ ఘాట్ రోడ్డులో కూడా ఇలాగే కప్పుకుంటారు, ఎండగా ఉందంటారు. ఇక్కడ ఎండేదీ! నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ చలిలో ఆయన అరచెయ్యి చెమటతో తడిసి ముద్దయింది. అప్పుడర్థమైంది నాకు. ఈ మనిషికి ఎత్తంటే భయం, బాపట్లలోనూ సాగర్‌లోనూ నీళ్లంటే భయం. చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఇన్నేళ్లూ కొట్టు మీదా మచ్చు మీదా నెపం నెట్టుకొచ్చారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు నిండాయి.

కిందికి చూశాను. పిడుగురాళ్ల రోడ్డు మీద సున్నం లారీ బోల్తా పడినట్టు ఎటు చూసినా తెలుపే. హెలికాప్టర్ మంచులో దిగింది. పైలట్ తలుపు తీశాడు. నేను దిగి నోరు తెరిచాను. పొగ! రెంటచింతల పిల్ల నోట్లోంచి పొగ! పిచ్చిదానిలా మళ్లీ మళ్లీ ఊదుకున్నాను.

"ఏమండీ, దిగండి!"

దిగలేదు. తువ్వాలు తీయకుండానే అరచెయ్యి ఒకటి బయటికి చాపారు. "మచ్చుకు కాస్త పట్రావే."

గుప్పెడు మంచు తెచ్చి ఆ చేతిలో పోశాను. తువ్వాలు కొస పైకెత్తి, అలవాటుగా ఊదారు. నోట్లో వేసుకున్నారు. కళ్లు ఎలాగూ మూసే ఉన్నాయి.

"ఊక లేదు," అన్నారు. "సరుకు మంచిదే."

"మరి కళ్లు తెరిచి చూడండి, ఎంతుందో!"

"వద్దులేవే. నాకు మచ్చు చాలు. సరుకంతా నీకే."

తువ్వాలు జారిపోకుండా ఆయన చెవుల వెనక దోపి, నేను మళ్లీ మంచులోకి వెళ్లాను. పైలట్ పిలిచినా వెంటనే రాలేదు.