బండోడు చిక్కాక

టైలరమ్మ వాళ్లమ్మకి మతిమరుపు ముదిరేకొద్దీ ఇంట్లో కుక్క లావెక్కుతూ వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మొదట్లో ఎవరికీ తట్టలేదు. పెద్దావిడ పాలల్లో బిస్కెట్లు నానబెట్టి పెడుతుంది. కుక్క గిన్నె నాకడం పూర్తయ్యేలోపే ఆ సంగతి మర్చిపోతుంది. "అయ్యో, పొద్దుట్నుంచీ వీడి మొహం చూసినవాళ్లే లేరే!" అంటూ మళ్లీ లేస్తుంది. వాడు మాత్రం ఎందుకు కాదంటాడు? పుట్టి బుద్ధెరిగాక తిండే చూడనట్టు మొహం పెట్టి తోకాడించేవాడు. లావెక్కాక వాడి అసలు పేరు పోయి బండోడనే పేరు ఖాయమైంది.

ముందుగదిలో మిషను తొక్కుకునే టైలరమ్మకి ఇవేవీ కనపడేవి కావు. ఒకరోజు బండోడు మెట్లెక్కలేక మధ్యలో చతికిలబడి, రొప్పుతూ, తిన్నదంతా కక్కేశాడు. వాణ్ణి బండిలో వేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఒంటరిగా వదల్లేక అమ్మనీ వెంటబెట్టుకెళ్లింది.

డాక్టరమ్మ చెవులు తిరగేసింది. లోపల పిడుదులు గింజల్లా అంటుకుని ఉన్నాయి. చిగుళ్లు పాలిపోయాయి.

"వీటికేం రాస్తున్నారు?"

"కిరసనాయిలు," అంది అమ్మ గర్వంగా.

"వద్దమ్మా, చర్మం కాలిపోతుంది. నాకితే కడుపులోకి పోతుంది."

మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి చుక్కల మందు ఎలా వేయాలో చూపించింది. పడుకునే గుడ్డ వేణ్ణీళ్లలో ఉతకాలి, గోడ మూలలూ శుభ్రం చేయాలి, పిడుదులు గుడ్లు పెట్టేది అక్కడే అంది. కడుపులో పురుగులకి మాత్ర ఇచ్చి, బరువును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి ఎవరినీ అడక్కుండా వేసేయొద్దని మరీ మరీ చెప్పింది. ఇక తిండి. బిస్కెట్లు బంద్. వేపుళ్లు, ఉల్లిపాయ పడిన కూరలు, ఉడికిన ఎముకలు కూడా వద్దు. ఏం పెట్టినా కొలిచే పెట్టాలి.

"ఇంట్లో వీడికి పెట్టేదెవరు?"

టైలరమ్మ అమ్మవైపు చూసి తల దించుకుంది. డాక్టరమ్మకి అర్థమైంది.

"రోజుకి సరిపడా తిండి చిన్న చిన్న పొట్లాలు కట్టి పెద్దావిడకే ఇవ్వండి. ఎన్నిసార్లు లేచినా అందులోవే పెడతారు. ఆవిడ ముచ్చటా తీరుతుంది."

ఉపాయం పనిచేసింది. కాకపోతే పొట్లాలు మధ్యాహ్నానికే అయిపోయేవి. అక్కణ్ణించి గొడవ మొదలు.

"నోరులేనివాణ్ణి మాడ్చి చంపుతున్నావే! ఇంత రాతిగుండె నీకెక్కణ్ణించొచ్చింది?"

"డాక్టరమ్మ చెప్పిందమ్మా."

"ఏ డాక్టరమ్మ?"

టైలరమ్మ వెళ్లి మిషను ముందు కూర్చునేది. కళ్లు మసకబారి కుట్టు వంకర పోయేది. విప్పి మళ్లీ కుట్టేది.

బండోడు మెల్లిగా చిక్కాడు. మెట్లు గబగబా ఎక్కసాగాడు. "పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, ఇలాగే ఉండాలి," అని డాక్టరమ్మ మెచ్చుకున్న రోజున, అమ్మని పక్కింటివాళ్లకి అప్పగించి వెళ్లిన టైలరమ్మ సంబరంగా ఇంటికొచ్చింది.

గుమ్మంలో అమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. "ఎవరి కుక్కే ఇది?"

"మన బండోడేనమ్మా!"

"నాకు చెప్పొచ్చావులే. వాడు గుమ్మడికాయలా ఉంటాడు. దీన్ని తోలెయ్."

వాడు అలవాటుగా ఆవిడ ఒళ్లో తల పెట్టబోయాడు. ఆవిడ హడలిపోయి కాళ్లు వెనక్కి లాక్కుని చేతికర్రతో ఒక్కటిచ్చింది. వాడు అరవలేదు. ఏం తప్పు చేశానా అన్నట్టు టైలరమ్మకేసి చూశాడు.

ఆ రోజు నుంచీ అమ్మ గేటు దగ్గర కూర్చుని "బండోడా, రారా" అని వీధిలోకి కేకలేస్తుంది. పిలిచినప్పుడల్లా వాడు వెనకనుంచి పరిగెత్తుకొస్తాడు. ఆవిడ అదిలిస్తుంది. పొట్లాలన్నీ అలాగే ఉండిపోతున్నాయి.

ఒక సాయంత్రం టైలరమ్మ ఉండబట్టలేక బిస్కెట్ల ప్యాకెట్ చింపింది. వాడు ఎదురుగా కూర్చుని మూతి నాకాడు.

"మళ్లీ లావైతే అమ్మ గుర్తుపడుతుందేమోరా," అంది.

చెయ్యి ముందుకి చాపింది కూడా. వాడి ఊపిరి హాయిగా, చప్పుడు లేకుండా ఆడుతోంది. చూస్తూ చూస్తూ పెట్టలేకపోయింది. వలవలా ఏడ్చేసి ప్యాకెట్ అవతల పడేసింది. పొట్లమొకటి విప్పి గిన్నెలో వేసింది.

వాడు తిన్నాడు. తిని గేటు దగ్గరికి వెళ్లి, చేతికర్ర అందనంత దూరంలో, పెద్దావిడ వైపే మొహం పెట్టి పడుకున్నాడు.