బ్లేక్‌మూర్ వారి మొదటి ర్యాంకు

అమెరికాలోని గనుల ఊరు ఎల్కోలో, స్పెయిన్ వైపు నుంచి వలసొచ్చిన బాస్క్ వాళ్ల భోజనశాలల్లో ఎవరి బల్ల వారికుండదు. పొడుగాటి బల్ల ఒక్కటే. ఎవరొస్తే వాళ్ల పక్కన సర్దుకుని, సూపు గిన్నె చేతులు మార్చుకుంటూ తినాలి. ఈ సంగతి తెలిసుంటే బ్లేక్‌మూర్ కాలేజీ తరఫున పిల్లల్ని చేర్పించే విట్‌కూంబ్ తన బేరం అక్కడ పెట్టుకునేవాడు కాదు.

ఎదురుగా ఇడోయా, ఆమె భర్త గోర్కా, కూతురు నెరేయా కూర్చున్నారు. నెరేయాకు జియలాజికల్ ఇంజనీరింగ్ చదవాలని ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలో సీటొచ్చింది, కొంచెం అప్పుతో సరిపోతుంది. బ్లేక్‌మూర్‌లో చేరాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. అయినా ఇడోయా అటే మొగ్గింది. ఆ చదువు పాసైనవాళ్ల జీతాల పట్టికలో బ్లేక్‌మూర్ మొదటిదట, రాష్ట్రానిది తొమ్మిదోదట. పట్టికలో పైనుంటే చాలు, కళ్లకద్దుకునే రకం ఆవిడ.

"పట్టా చేతికొచ్చిన ఏడాదికే తొంభై రెండు వేల డాలర్లమ్మా! అప్పుదేముంది, ఇట్టే తీరిపోతుంది," అని విట్‌కూంబ్ నెరేయా వైపు తిరిగాడు. "లేదంటే నువ్వూ మీ నాన్నలాగే గనిలో లారీ తోలుకోవాలి."

గోర్కా తల దించుకున్నాడు. నెరేయాకు ఒళ్లు మండింది.

"మా నాన్న లారీ అంటే అంత చులకనా మీకు?"

"నువ్వూరుకోవే. సార్ మన మంచికేగా చెప్తున్నారు!" అంటూ ఇడోయా తాకట్టు కాగితాల మీద సంతకానికి కలం తీసింది.

పక్కనున్న క్లింట్ అనే యువకుడు రొట్టె తుంచుతూ నవ్వాడు. బట్టల నిండా గని దుమ్ము. "ఆ తొంభై రెండు వేలల్లో నేనూ ఉన్నానండీ. నిరుడే బ్లేక్‌మూర్‌లో ఈ చదువే పాసయ్యాను."

విట్‌కూంబ్ మొహం వెలిగిపోయింది. "చూశారా! దేవుడే పంపించాడు. ఎక్కడ ఇంజనీరు బాబూ?"

"ఇంజనీరా, నా మొహమా! లారీ తోలుతున్నా. రాత్రి డ్యూటీలూ ఓవర్‌టైమూ కలిపితే అంతొస్తుంది. మా బ్యాచ్‌లో ఉన్నదే ఐదుగురం, నలుగురం ఇదే పనిలో ఉన్నాం. రాష్ట్ర యూనివర్సిటీ వాళ్లు నిజంగానే ఇంజనీర్లయ్యారు. పాపం, మొదటేడు మాకంటే తక్కువే వాళ్లకి."

"మరి కాలేజీ వాళ్లకి చెప్పలేదా?" అంది నెరేయా.

"పనుందా, ఎంతొస్తోంది అని అడిగారు, చెప్పాం. ఏం పని అని అడిగితేగా!"

ఇడోయా చేతిలో కలం ఆగింది. "అప్పెంతుంది నాయనా?"

"లక్షా ముప్పై వేలు. లారీ నేర్పినందుకు మాత్రం గనివాళ్లు ఒక్క సెంటు తీసుకోలేదు."

విట్‌కూంబ్ గొంతు సవరించుకున్నాడు. "ఒకరిద్దర్ని చూసి కాదమ్మా, సగటు లెక్కేస్తే..."

ఇడోయా మొహం కందగడ్డయింది. భర్త పక్కన కూర్చుని, అతని లారీని చులకన చేసిన మాటను తానూ వెనకేసుకొచ్చినందుకు సిగ్గేసింది. కూరగిన్నె అందుకుని తాకట్టు కాగితాల మీదే దించింది.

"రాష్ట్ర యూనివర్సిటీకి ఇవాళే సరేనని రాసెయ్యవే," అంది కూతురితో. తర్వాత విట్‌కూంబ్ వైపు తిరిగింది. "ఏం సార్, మా ఆయన లారీని తీసిపారేశారే! మీ కాలేజీని పట్టికలో పైకెక్కించింది ఆ లారీయేగా?"