బదిలీ మనిషి

పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు ఆ ఇంట్లో పక్కకి కదలాలంటే ఇంకొకరు వచ్చి నిలబడి, "నేనొచ్చా, నువ్వెళ్లు" అనాలి. అనేదాకా కదలకూడదు. పాలకే కాదు, జ్వరంతో పడుకున్నవాళ్ల మంచం దగ్గర కూర్చున్నా అదే చట్టం. పెట్టింది ఆ ఇంటి ఇల్లాలి నాన్న. ఓడ ఇంజిన్ గదిలో యంత్రాలకి నూనె పోస్తూ జుట్టు నెరిసిపోయిన మనిషి, దిగి వచ్చాక ఇంటినే ఓడ చేసుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు స్నానాల గదిలోంచి, "మావయ్యా, నా డ్యూటీ అయింది, బదిలీ మనిషిని పంపండి" అని వెక్కిరించేవాడు. మామగారు నవ్వేవాడు కాదు, అల్లుడు మానేవాడు కాదు. ఇద్దరూ ఇద్దరే.

మనవరాలికి మాత్రం అది ఆట. ఎనిమిదేళ్ల ఆ పిల్లని అందరూ పిడుగు అంటారు, ఊరికే అనరు. తాతయ్య పనిచేసిన ఓడని రేవులో కట్టేసి మ్యూజియం చేశారని తెలిసిన దగ్గర్నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరింది.

ఆమెకి ఇష్టం లేదు. అమ్మ పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని, "మీ నాన్నని మళ్లీ ఆ ఓడ ఎక్కనివ్వకు" అంది. ఎందుకో చెప్పలేదు. కానీ టికెట్టు కొని ఎక్కే ఓడ, ఒడ్డుకి గొలుసులతో కట్టేసిన ఓడ, మనుషుల్ని ఏం చేస్తుంది? తనకి తను అలా సర్దిచెప్పుకుంది. తల్లి మాట జవదాటుతున్నానన్న బెంగ లోపల పీకుతూనే ఉంది. అయినా ఆదివారం నలుగురూ బయలుదేరారు.

మిట్టమధ్యాహ్నం కావడంతో జనం పలచగా ఉన్నారు. ఓడ నడిపే పైగదిలోకి వచ్చేసరికి వీళ్లు తప్ప ఎవరూ లేరు. గుమ్మం దగ్గర స్టూలు మీద కాపలాదారు కునికిపాట్లు పడుతున్నాడు. గది మధ్యలో ఇత్తడి స్తంభం, దాని మీద గుండ్రటి అద్దం, పక్కన పిడి. అద్దం కింద 'ముందుకు', 'వెనక్కి', 'ఆపు' అని గీతలు గీసి రాసి ఉంది.

"దీన్ని టెలిగ్రాఫ్ అంటారే," అన్నాడు నాన్న మనవరాలితో. "ఇక్కణ్ణుంచి పిడి తిప్పితే కింద మా గదిలో గంట మోగేది. మేం మా పిడి అదే గీత మీదకి తిప్పితే ఇక్కడ గంట మోగుతుంది. ఆ జవాబు వస్తేనే మాట అందినట్టు."

చెప్పడం పూర్తవకముందే పిడుగు పిడి పట్టుకుని 'ముందుకు' మీదకి లాగేసింది. ఎక్కడో కింద గంట మోగింది. పిల్ల కిలకిలా నవ్వింది.

కాసేపటికి అద్దం వెనక ఎర్ర ముల్లు వణికి, మెల్లగా జరిగి, 'ముందుకు' దగ్గర ఆగింది. ఈసారి గంట స్తంభంలోనే మోగింది.

"బావుందే, పిల్లల కోసం కింద మనిషిని పెట్టినట్టున్నారు," అన్నాడు మొగుడు.

కాపలాదారు ఒక కన్ను తెరిచాడు. "కింద ఎవరూ ఉండరండీ. ఇంజిన్ గదికి తాళం. ఆ గంట కూడా మోగదు."

"ఇప్పుడు మోగిందిగా?"

"నాకేం వినపడలేదే," అని కాపలాదారు మళ్లీ కన్ను మూశాడు.

మొగుడికి యంత్రం కనబడితే చేతులు ఊరుకోవు. స్తంభం అడుగున రేకు తలుపు ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. లేచేసరికి అతని మొహంలో వెటకారం లేదు. "పిడి నుంచి కిందికి వెళ్లే గొలుసే లేదు. ఎప్పుడో కోసేశారు. కొసలు తుప్పు పట్టిపోయి ఉన్నాయి."

ఆమె నాన్న వైపు చూసింది. ఆయన స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి.

"వాడే," అన్నాడు. "ఉడత."

ఆమె ఆ పేరు ఎప్పుడూ వినలేదు. నిచ్చెనలు ఉడతలా ఎక్కేవాడని అందరూ అలా పిలిచేవారట. నూనూగు మీసాల కుర్రాడు. ఒకరోజు అతనికి బదిలీగా దిగాల్సిన నాన్నకి ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే, తన డ్యూటీ అయిపోయినా ఉడతే ఇంజిన్ దగ్గర ఉండిపోయాడు. బదిలీ మనిషి రాకుండా కదలకూడదు గదా. ఆ పూటే ఓడ అడుగు రాతికి కొట్టుకుంది. నీళ్లు పైకి రాకుండా పైవాళ్లు ఇనుప తలుపు మూసేశారు. ఓడ బతికింది.

"నీళ్లు తోడేశాక గదంతా వెతికాం," అన్నాడు నాన్న. "మనిషి లేడు. చొక్కా కూడా దొరకలేదు. ఆ తర్వాత నేను డ్యూటీకి దిగినప్పుడల్లా పక్కన ఎవరో నిలబడినట్టే ఉండేది. నేను దిగినా, 'నేనొచ్చా' అన్న మాట నోరు పెగిలి అనలేకపోయేవాణ్ణి. అంటే ఏమవుతుందోనని భయం. మీ అమ్మకి ఒక్కదానికే చెప్పాను."

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. "వెళ్లిపోదాం పద నాన్నా," అంది.

అప్పుడే మాట వినబడింది. గోడకి గరాటు మూతితో ఇత్తడి గొట్టం ఒకటుంది, పైవాళ్లూ కిందవాళ్లూ మాట్లాడుకోవడానికి. అందులోంచి, నీళ్లు పుక్కిలిస్తూ మాట్లాడినట్టు, పడుచు గొంతు ఒకటి అడిగింది.

"బదిలీ ఎవరు?"

ఆ ప్రశ్నకి లోకంలో ఏ పిల్లయినా కెవ్వుమని తల్లి కొంగు పట్టుకుంటుంది. ఈ పిల్ల పుట్టినప్పట్నుంచీ పాలగిన్నె దగ్గర నేర్చుకున్న జవాబు చెప్పేసింది. గొట్టానికి నోరు ఆనించి, "నేనొచ్చా, నువ్వెళ్లు" అంది.

అని, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది.

ఆమె వెంటపడింది. ఒక అంతస్తు, ఇంకొక అంతస్తు. తాళం వేసి ఉందన్న ఇనుప తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలికి నిటారుగా నిచ్చెన, దాని కింద నల్లటి నీళ్లు. పిడుగు అప్పటికే మొదటి మెట్టు మీద ఉంది. ఆమె దాని జడ పట్టుకుని లాగింది. పిల్ల రాలేదు. ఏడవడమూ లేదు.

"మాటిచ్చేశానమ్మా. అక్కడ ఆయన ఎదురుచూస్తున్నాడు," అంది మామూలుగా.

ఆమె నేల మీద చతికిలబడి పిల్ల నడుం చుట్టూ చేతులు బిగించింది. అయినా అంగుళం అంగుళం కిందికే జారుతోంది. మొగుడు వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు, లిఫ్టు తాళ్లు లాగిన చేతులతో. అతనూ జారాడు.

నాన్న వాళ్లని దాటుకుని వచ్చాడు. వంగి మనవరాలి చెంప నిమిరాడు.

"అది నా డ్యూటీ తల్లీ. నీది కాదు."

"నాన్నా, వద్దు," అంటూ ఆమె ఒక చెయ్యి వదిలి ఆయన చొక్కా పట్టుకుంది. పిల్ల జర్రున ఒక మెట్టు జారింది.

"పిచ్చిదానా, పిల్లని పట్టుకో," అన్నాడు. "నన్ను వదులు."

ఆమె వదిలింది.

ఆయన నిచ్చెన మీద పిల్లని దాటి, ముసలి మోకాళ్లతో నెమ్మదిగా దిగిపోయాడు. నీళ్లు నడుం దాకా వచ్చాయి, మెడ దాకా వచ్చాయి, తర్వాత ఆయన కనబడలేదు. చీకట్లోంచి మాట మాత్రం తేటగా వినిపించింది.

"నేనొచ్చా, నువ్వెళ్లు."

పిల్ల ఒక్కసారిగా తేలికైపోయి ఆమె ఒళ్లో పడింది. పడి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఆమె నీళ్లలోకి "నాన్నా" అని గొంతు చించుకుని పిలిచింది. మొగుడు దిగబోతుంటే, నీళ్లు కదిలాయి.

నాన్న పైకి వస్తున్నాడు. ఒక మెట్టు వదిలి ఒక మెట్టు మీద కాలేస్తూ, చకచకా వస్తున్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. మొగుడు చెయ్యి అందించబోతే, అవసరం లేకుండానే ఆయన గెంతి తలుపు ఇవతలికి వచ్చాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. కళ్లజోడు లేదు. అది లేకపోతే నాన్నకి ఎదుట గుమ్మం కూడా ఆనదు.

ఆయన గుండ్రటి కిటికీలోంచి దూరంగా సముద్రాన్నీ, ఎండనీ కళ్లు చికిలించకుండా చాలాసేపు చూశాడు. తర్వాత తన చేతుల మీది ముడతలు చూసుకున్నాడు. ఆమెని చూశాడు. ఆ చూపులో ఎరిగిన గురుతు లేదు.

"ఏమండీ," అన్నాడు బెరుగ్గా, "మా అమ్మ ఉందా?"

నాన్న తల్లి ఆమె పుట్టకముందే పోయింది. ఆ సంగతి నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది, కోపం వచ్చింది, ఆ మనిషిని రెండు చేతులా వెనక్కి తోసేస్తే నాన్న వచ్చేస్తాడేమో అనిపించింది. తోసేది కూడా. కానీ ఆ తడిసిన భుజం నాన్నదే. చలికి వణుకుతోంది.

"ఉండదు బాబూ," అంది. "చాలా కాలం అయిపోయింది."

నాన్న కళ్లతో ఆ కుర్రాడు ఏడ్చాడు. ఆమె కొంగుతో ఆయన తల తుడిచి, మెట్లవైపు నడిపించింది. వెనక ఇనుప తలుపు అవతల గంట ఒక్కసారి మోగింది, జవాబు కోసం. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే తను దిగిపోతుంది. రెండో చేతిలో పిల్ల చెయ్యి ఉంది.