గప్సున్ అవ్వ చేప పండిందా?

కొరియాలోని యోంగ్‌సాన్‌పో వీధిలో హొంగో చేప వాసన పొద్దున ఆరింటికే నిద్ర లేస్తుంది. ఏడింటి బస్సెక్కి నాజు టౌనులో దిగి, పనులు చూసుకుని, సాయంత్రం అదే బస్సులో తిరిగొస్తుంది. డ్రైవరు దాన్ని టికెట్ అడగడం మానేసి చాలా ఏళ్లయింది.

ఆ వాసనకి పుట్టిల్లు గప్సున్ అవ్వ కొట్టు. విసనకర్రలా పరుచుకుని ఉండే హొంగో చేపని ఎండుగడ్డి మధ్య జాడీలో పేర్చి, వారాల తరబడి మాగబెట్టడం అవ్వ పని. అరవై ఏళ్లుగా అదే పని. కొట్టు మీది గదిలో ఏడు నెలలుగా కారెల్ అనే ఎస్తోనియా కుర్రాడు అద్దెకుంటున్నాడు. టౌనులో ఏదో ఆఫీసులో కరెంటు తీగల లెక్కలు చూస్తాడు. రెండు పూటలా భోజనం అవ్వ దగ్గరే.

మనిషి బంగారం. మొహమే కదలదు. వాళ్లింట్లో మూడు తరాలుగా మొహం చిట్లించడం మర్యాద కాదు. వాళ్ల నాన్న పెళ్లి ఫొటోనీ తాత చావు ఫొటోనీ పక్కపక్కన పెడితే, పడుకున్నదెవరో చూసి పోల్చుకోవాలి తప్ప మొహాలు చూసి చెప్పలేం.

అలాంటివాడు కాబట్టి అవ్వ వడ్డించినవన్నీ తిన్నాడు. ఉడకబెట్టిన పట్టుపురుగులు గిన్నెడు తిన్నాడు. పంది పేగులో నెత్తురూ సేమియా కూరి ఆవిరి మీద ఉడికించిన ముక్కలు తిన్నాడు. పళ్లెంలో ఇంకా మెలికలు తిరుగుతున్న ఆక్టోపస్ కాళ్లు తిన్నాడు. అందులో ఒక కాలు అతని చెంప పట్టుకుని ప్రాణభిక్ష కోరితే, బస్సులో పక్కవాడు నిద్రపోయి భుజం మీద వాలినప్పుడు మనం ఎలా ఊరుకుంటామో అలా ఊరుకుని నమిలాడు.

"బావుంది," అన్నాడు. అన్నిటికీ అదే మాట, అదే గొంతు.

"వీడికి తిండి పెట్టడమూ పోస్టు డబ్బాలో ఉత్తరం వెయ్యడమూ ఒకటేనే," అని అవ్వ కోడలు మిరాన్ దగ్గర వాపోయేది. "పడిందో లేదో కూడా తెలీదు."

హొంగో మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. అడిగితే "దానికింకా టైముంది," అనేది.

ఆ టైము ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది. కారెల్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే అవ్వ లోపల్నుంచి కేకేసింది. బల్ల మీద ఒక్క పళ్లెం. అందులో గులాబీ రంగు హొంగో ముక్కలు, పక్కన ఉడికించిన పంది మాంసం, మూడేళ్ల నాటి కిమ్చీ పచ్చడి. అవ్వ మూడూ కలిపి చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని, స్వయంగా అతని నోటికందించింది. తర్వాత బల్లకి అటుపక్క కూర్చుని, గడియారం బాగుచేసేవాడిలా అతని మొహంలోకి చూడసాగింది.

ఏడు నెలల చదువుకి ఇవాళ పట్టా ఇస్తున్నారనుకున్నాడు కారెల్. పట్టా పుచ్చుకునేటప్పుడు మొహం ఎలా ఉండాలో అతనికి బాగా తెలుసు.

నమిలాడు. మింగాడు.

"బావుంది," అన్నాడు.

అవ్వ ఇంకాసేపు చూసింది. ఎడమ కన్ను చూసింది, కుడి కన్ను చూసింది, ముక్కు కొస చూసింది. ఎక్కడా తడి లేదు. మెల్లగా లేచి, మూలనున్న పెద్ద జాడీ మీద మూత పెట్టి, దానిమీద రాయి పెట్టింది.

"మిరాన్, బే గారికి ఫోన్ చెయ్యి. రేపు వాళ్లమ్మాయి పెళ్లికి చేప లేదని చెప్పు."

"అదేంటత్తయ్యా!"

"పండలేదు. నా చేప ముందు గుళ్లో బుద్ధుడైనా ముక్కు తుడుచుకోవాల్సిందే. వీడు చూడు, కొబ్బరి ముక్క తిన్నట్టు కూర్చున్నాడు. అయిపోయిందే, నా చెయ్యి అయిపోయింది. సోమవారం నుంచి కొట్టు తియ్యొద్దు."

అని తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

ఆ జిల్లాలో పెళ్లికి పెళ్లికొడుకు ఒక గంట ఆలస్యంగా వచ్చినా సర్దుకుంటారు. పంక్తిలో హొంగో లేకపోతే మాత్రం మనవళ్ల పెళ్లిళ్లదాకా చెప్పుకుంటారు. మిరాన్ ఫోన్ తియ్యలేదు. కారెల్ చొక్కా పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఏం చేశావు తమ్ముడూ నువ్వు?"

"తిన్నాను. బావుందన్నాను."

"అదే కొంప ముంచింది! విను. జనవరిలో జలుబు చేసిందే, అప్పట్నించీ అత్తయ్యకి వాసన తెలీదు. బొత్తిగా. ఈ జాడీ ఆ తర్వాత పెట్టిన మొదటిది. పండిందో లేదో ఆవిడకి తెలియాలంటే తినేవాళ్ల మొహం చూడ్డం ఒక్కటే దారి."

"మీరు తినొచ్చుగా అక్కా?"

"నాది ఇరవై ఆరేళ్ల కాపురం. నా ముక్కు పెళ్లయిన మూడో నెల్లోనే రాజీనామా ఇచ్చింది. పక్కింటివాణ్ణి పిలుద్దామంటే వీధి నిండా హొంగో కొట్లే, తెల్లారేసరికి టాంటాం. కొత్త ముక్కున్నవాడివి నువ్వొక్కడివే. ముందే చెబితే మర్యాదకి ఏడుస్తావని చెప్పలేదు."

కారెల్ గుండె జారింది. మొహం మాత్రం ఉన్నచోటే ఉంది. వెళ్లి అవ్వ గది తలుపు తట్టాడు.

"అవ్వా, ఘోరంగా ఉంది. నిజంగా. నోరంతా మండింది," అన్నాడు, రైలు స్టేషన్లో ప్లాట్‌ఫారం నంబరు చెప్పే గొంతుతో.

"ఓదార్చకురా నాయనా," అంది లోపల్నుంచి అవ్వ. "మంచివాడివి. పోయి పడుకో."

అతను తలుపు సందులోంచి ఏడుపు మొహం పెట్టి చూపించాడు. పుట్టి ముప్ఫై ఏళ్లలో అదే మొదటి ప్రయత్నం. అవ్వ దాన్ని చూసి, "పన్ను నొప్పా? లవంగం ఇవ్వవే మిరాన్," అంది.

మిరాన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అసలు ఎలా తిన్నావు తమ్ముడూ? నిజం చెప్పు. ఈ వీధికొచ్చిన కొత్తవాడెవడూ కళ్లనీళ్లు పెట్టకుండా లేచింది లేదు."

కారెల్ నేలకేసి చూస్తూ చెప్పాడు. "చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ చెంచాడు చేపనూనె పోసేవాళ్లు. మొహం చిట్లిస్తే ఇంకో చెంచా. అందుకని ఊపిరి బిగబట్టి మింగేవాణ్ణి. మీ ఇంట్లో కూడా..."

"మా ఇంట్లో కూడా?"

"అన్నీ అలాగే తిన్నాను. ఏడు నెలలు."

అవ్వ గది తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఊపిరి బిగబట్టి తింటావా నా చేపని?" అంది అవ్వ. పెన్సిలంత మనిషి, గుమ్మం నిండిపోయింది. "ఏడు నెలలు నా అన్నం తిని, ఒక్క ముద్దకీ ఊపిరి పీల్చలేదా! దొంగ వెధవా, అదేం తిండిరా? ఈత కొడుతున్నావా బల్ల దగ్గర కూర్చుని? కూర్చో ఇక్కడ. మిరాన్! ముక్కు కొయ్యి!"

కారెల్ చెయ్యి దానంతటదే మొహం మీదికి పోయింది.

"నీది కాదయ్యా. చేపది," అంది మిరాన్.

హొంగోలో ముక్కు భాగం అన్నిటికన్నా ఘాటు. ఇంటల్లుడికో, పగవాడికో తప్ప పెట్టరు. రాయి తీశారు, మూత తీశారు. సుద్దముక్కంత ముక్క కోసి అతని ముందు పెట్టారు. పంది మాంసం లేదు, కిమ్చీ లేదు.

"నోట్లో పెట్టుకో. నోరు ముయ్యి. నములు," అంది అవ్వ. "ఇప్పుడు ముక్కుతో వదులు ఊపిరి. మెల్లగా. నువ్వు మొహం బిగిస్తే నాకెలా తెలుస్తుంది నాయనా? ఒక్కసారి వదిలెయ్యి."

ఆ చివరి మాట అవ్వ అరిచి చెప్పలేదు. బతిమాలినట్టు అంది. కారెల్ ఆమె కళ్లలోకి చూసి, ఊపిరి వదిలాడు.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత తల లోపల ఎవరో సున్నపు బట్టీ తలుపు తీశారు. ఘాటు కొండనాలుక దగ్గర మొదలై, ముక్కు గుండా ఎక్కి, కనుబొమల మధ్య కాసేపు ఆగి, చిన్నప్పుడు మర్చిపోయిన రెండు ఎక్కాలు గుర్తుచేసి, నడినెత్తిన బయటికి పోయింది. నోటి పైపొర ఊడి నాలుక మీద పడింది. కనుబొమలు పైకి లేచాయి. అవి లేస్తాయని వాటికే తెలీదు. పెదవులు వంకర్లు పోయాయి, గడ్డం వణికింది, మూడు తరాల మర్యాద కట్టగట్టుకుని చెంపల మీదుగా కారిపోయింది. తుమ్మాడు. దగ్గాడు. బల్ల కొట్టాడు. గిన్నెడు బియ్యపు కల్లు ఒక్క గుక్కలో తాగి మళ్లీ ఏడ్చాడు.

అవ్వ కదలకుండా చూసింది.

"ఎడమ కన్ను ముందు కారింది," అంది మెల్లగా. "చూశావే మిరాన్? ఎడమది ముందు. కుడిది పది లెక్కపెట్టాక. అంటే మూడు వారాలూ రెండ్రోజులు. ఇవాళ్టికి సరిగ్గా అంతే అయింది కదే?"

"అంతేనత్తయ్యా," అంది మిరాన్. ఆమె కళ్లూ తడిసే ఉన్నాయి, ఘాటు వల్ల కాదు.

సరిగ్గా అప్పుడే జాడీ తీసుకుపోవడానికి బే గారు గుమ్మంలోకొచ్చాడు. బల్ల మీద తల పెట్టి వెక్కిళ్లు పెడుతున్న కారెల్‌నీ, కళ్లొత్తుకుంటున్న మిరాన్‌నీ చూసి టోపీ తీసేశాడు.

"పెద్దమ్మా... ఎవరు పోయారు?"

"నీ కూతురి పెళ్లికి చేప పండిందిరా," అంది అవ్వ. "జాగ్రత్తగా పట్టుకెళ్లు. వంగి ఎత్తు, నడుం పట్టేస్తుంది."

జాడీ వెళ్లిపోయింది. మిరాన్ వెనకాలే కారుదాకా వెళ్లింది. బల్ల దగ్గర అవ్వా, కారెల్, పళ్లెంలో మిగిలిన ముక్కలూ.

అవ్వ ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. ఊపిరి వదిలింది. ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు.

"ఎలా ఉందిరా?" అంది. "మళ్లీ బావుందన్నావంటే గరిటె పెట్టి కొడతాను. సరిగ్గా చెప్పు."

కారెల్ ముక్కు తుడుచుకున్నాడు. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని, నోరు మూసి, ముక్కుతో ఊపిరి వదిలి, కళ్లనీళ్లు కారుతుండగా కాసేపు ఆలోచించాడు.

"మొదట్లో చల్లగా, నది గట్టున తెల్లవారుజామున నిలబడ్డట్టు ఉందవ్వా," అన్నాడు. "తర్వాత..."

"ఊఁ, తర్వాత?" అంది అవ్వ, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.